నిగ్రహమునకు కర్త యెవరు?

శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమును ఆరంభించుచు, తక్కిన చర్చలన్నిటికంటె ముందుగా అధ్యాసను విచారించిరి. తానెవ్వరో, తాను కానిదేదో యెఱుగమిచేతనే సమస్తానర్థములును పుట్టుచున్నవని వారి మతము. అయితే వేదాంతికి దేహమే అనాత్మ. కావున దేహము తన్ను తాను గుర్తించుట యెట్లన్న జీవశాస్త్రజ్ఞుని ప్రశ్నకును ఆ విచారమునకును పేరులో తప్ప పొత్తు లేదని యెవరైన ననవచ్చును. అది నిజమే. అయినను ఆ రెంటికిని నడుమ మూడవ ప్రశ్న యొకటి కలదు: తనవారిపై లేవబోవు చేతిని పట్టి యాపుచున్న దెవరు? శమదమములను సాధనసంపత్తిలో చేర్చిన పెద్దలు ఈ ప్రశ్నను మనస్సును గూర్చి యడిగిరి. ఇటీవలి శాస్త్రజ్ఞులు దీనినే చుండెలుక నెత్తురును గూర్చి యడిగిరి. వీరికి దొరకిన సమాధానము తత్త్వజిజ్ఞాసువులకు గూడ ఆలకింపదగినదని నా తలంపు.

చుండెలుకకైనను మనుష్యునకైనను, ఎముకల మూలుగలో బి కణములను తెల్లకణములు దినదినమును పుట్టుచుండును. ఒక్కొక్క కణము తన పైపొరపై ఒకే విధమగు గ్రాహకమును ధరించును; ఆ గ్రాహకముయొక్క ఆకృతి జన్యుఖండముల యాదృచ్ఛిక సంయోగమువలన నేర్పడునది. ఎన్నడును చూడని శత్రువునకు సైతము సరిపడు గ్రాహకము ఎక్కడనో ఒక కణముపై నుండుటకు ఈ యాదృచ్ఛికతయే కారణము. స్వదేహమునకే సరిపడు గ్రాహకములు పుట్టుటకును ఇదియే కారణము. దేహము తన్ను తానే విషముగా నెంచి దండించుకొను ప్రమాదమును పాల్ ఎర్లిక్ 20వ శతాబ్దారంభముననే ఊహించి, ప్రకృతి దానినెట్లో నివారించుచున్నదని చెప్పెను. మాక్‌ఫార్లేన్ బర్నెట్ 1957లో తన క్లోన్ వరణ సిద్ధాంతమును ప్రకటించుచు, స్వదేహమును పట్టు కణములు శైశవముననే నశించుననెను. వధయే నిగ్రహమునకు మార్గమని ఆనాటి భావము.

1988లో క్రిస్టఫర్ గుడ్‌నౌయు ఆయన సహచరులును చేసిన ప్రయోగము ఈ భావమును సవరించెను. ఒక వంశపు చుండెలుకలయందు కోడిగ్రుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ అను ప్రోటీనుయొక్క జన్యువును, మఱియొక వంశపు చుండెలుకలయందు ఆ లైసోజైమ్‌ను పట్టు ప్రతిదేహము (యాంటీబాడీ) యొక్క జన్యువును వారు నాటి, ఆ రెండు వంశములను సంకరపఱచిరి. పుట్టిన పిల్లలలో లైసోజైమ్‌ను పట్టగల బి కణములు చావలేదు. బ్రదికియే యుండి, తమ యెదుటనున్న దానిని పట్టియు, ఉలుకక పలుకక యుండెను. అదే లైసోజైమ్ నెత్తురులో కరగి తిరుగుటకు మాఱు ఇతరకణముల పైపొరలకు గట్టిగా అంటియుండునట్లు చేసినపుడు మాత్రము, ఆ కణములు తొలగింపబడెను. మఱికొన్ని సందర్భములలో కణము తన గ్రాహకమునే మార్చుకొని నిర్దోషియగునని తరువాతి పరిశోధకులు తెలిసికొనిరి. వధ, పరివర్తనము, మౌనము అని నిగ్రహము ఇట్లు మూడు తెఱగులు. ఇందు నన్ను మిక్కిలి యాలోచింపజేసినది వేఱొక సంగతి: కోడికి చెందిన వస్తువు చుండెలుకకు స్వకీయమయ్యెను. ఆ పిల్లకు "తన" అను ముద్ర ఏ వస్తువుమీదను పుట్టుకతో వ్రాయబడి లేదు. తాను కన్ను తెఱచినప్పటినుండి తనతో నున్నదేదో అదియే తనదయ్యెను.

ఇక ఆ మౌనము ఎట్లు సిద్ధించునో చూతము. గ్రాహకము దేనినైన పట్టినపుడు, కణములోపల లిన్ అను ఎంజైము గ్రాహకపు తోకలకు ఫాస్ఫేటును తగిలించును. అచ్చట సిక్ అను మఱియొక ఎంజైము వచ్చి చేరును. పిదప బీటీకే మొదలగునవి మేల్కాంచి, కణములో కాల్షియము పొంగి, సమరసన్నాహము మొదలగును. ఈ గొలుసులో బీటీకే చెడినచో ఏమగునో వైద్యులకు తెలియును. 1952లో బ్రూటన్ అను సైనికవైద్యుడు ఎనిమిదేండ్ల బాలునియందు వర్ణించిన, ప్రతిదేహములే లేని వ్యాధికి మూలము ఆ లోపమేయని 1993లో తేలెను. ప్రేరకము పోయినచో ప్రేరణ పోవుట న్యాయమే గదా! అట్లే, అగ్గిని మొట్టమొదట రాజేయునది లిన్ గనుక, లిన్ లేని చుండెలుకను సృష్టించినచో అది మిక్కిలి శాంతమైన నెత్తురు కలదై యుండునని యెవరైనను తలంతురు. 1995లో అట్టి చుండెలుకలను పరిశీలించినపుడు కనబడినది దీనికి విపరీతము. వానియందు బి కణముల సంఖ్య తగ్గెను గాని, స్వదేహముపైననే ప్రతిదేహములు వెల్లువలై పుట్టెను, మూత్రపిండములు చెడెను, మనుష్యులలో లూపస్ అనబడు వ్యాధిని పోలినది వానిని పట్టెను.

కారణ మిది. అగ్గిని రాజేసిన లిన్, అదే సమయమున, సీడీ 22 మొదలగు నిరోధకములకును ఫాస్ఫేటును తగిలించుచున్నది. వానివద్దకు షిప్, ఎస్‌హెచ్‌పీ-1 అను ఎంజైములు చేరి, రగిలినదానిని చల్లార్చుచున్నవి. ప్రేరేపించు పనిని లిన్ లేనపుడు దాని జ్ఞాతులు ఎట్లో నెఱవేర్చును. ఆపుపనిని చేయుటకు మాత్రము వానికి చాలినంత శక్తి లేదు. ఈ చల్లార్చువారిలో ఎస్‌హెచ్‌పీ-1 చెడిన చుండెలుకలు మేన్ రాష్ట్రమందలి జాక్సన్ ప్రయోగశాలలో తమంతట పుట్టెను. చిమటలు కొట్టిన కంబళివలె వాని బొచ్చు అచ్చటచ్చట ఊడిపోవును. తెల్లకణములు అదుపుతప్పి ఊపిరితిత్తులను నింపగా, అవి కొన్ని వారములకే కన్నుమూయును. మఱియొక యేర్పాటు ఇంకను సూక్ష్మము: పుట్టిన ప్రతిదేహములే శత్రువును పట్టుకొని మరలివచ్చి, తమ్ము కన్న కణముపైనున్న వేఱొక గ్రాహకమును తాకి, ఇక చాలునని తెలుపును. కార్యమే కారణమునకు ఎల్ల నిర్ణయించుచున్నది.

ఇవన్నియు మన పూర్వులకు ముందే తెలియునని చెప్పుట సత్యమునకును పూర్వులకును గూడ అపచారము. వారు పరిశీలించినది మనస్సును. కణమునకు మనస్సు లేదు, పశ్చాత్తాపము లేదు, తాను ఆగితినన్న యెఱుకయు లేదు. కాని యొక్క భ్రాంతిని ఈ చుండెలుకలు తొలగింపగలవు. ప్రేరణ యొకవైపు, నిగ్రహము మఱియొకవైపు నిలిచియున్నవనియు, గుఱ్ఱము వేఱు రౌతు వేఱయినట్లు ఉద్రేకమును అణచుటకు వెలుపలినుండి యొక ప్రభువు రావలెననియు మనము తలంతుము. అందుచేతనే శాంతిని కోరినవారు కొందఱు తమ శక్తినే నఱకివేయ బూనుదురు. లోభమునకు వెఱచి కోరికనే చంపుకొన్నవాడును, కోపమునకు వెఱచి పౌరుషమునే చంపుకొన్నవాడును, తుదకు లోనున్న చేదునంతయు ఇంటివారిపై కుమ్మరించుట మన మెఱుగనిది కాదు. వారు నఱికినది లిన్‌ను.

నిగ్రహమునకు కర్త యెవరని మొదట నడిగితిని. చుండెలుకయందైనచో, రగిల్చినదే దానికి ముఖ్యకర్త. మనుష్యునియందును అట్లేయని నేను రుజువు చేయజాలను. అయినను, కోపము వచ్చినపుడు దానిని ఆపుటకు మఱియొకనిని వెదకుటకు ముందు, ఆ కోపమును తెచ్చిన అభిమానమునే, "ఎవరిపై?" అని యొక్కమాఱు అడిగి చూచుట మేలని నాకు తోచుచున్నది, ఆపగల బలము, ఉన్నచో, అచ్చటనే యుండును.