ఎగరనని చెప్పే హక్కు

విమానంలో కెప్టెన్ మాటే ఆఖరి మాట. అంతర్జాతీయ విమానయాన నియమాలు ఆ అధికారాన్ని ఆయనకే ఇచ్చాయి. ఒంట్లో బాగోకపోయినా, అలసటతో కళ్లు మూతలు పడుతున్నా ఎగరకూడదన్న బాధ్యత కూడా పైలట్‌దే. మరి ఆ మనిషి ఎవరి ఉద్యోగి?

యూరప్‌లో దీనికి జవాబు అంత తేలిక కాదు. ఘెంట్ విశ్వవిద్యాలయం 2015లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, సర్వేలో పాల్గొన్న పైలట్లలో ఆరుగురికి ఒకరు ఎయిర్‌లైన్‌లో నేరుగా ఉద్యోగులు కారు. కొందరు ఏజెన్సీ మనుషులు, కొందరు కాగితం మీద "స్వయం ఉపాధి" వాళ్లు. ఎగిరిన గంటలకే డబ్బు అన్న ఒప్పందాలూ ఉన్నాయి. అంటే "ఇవాళ ఎగరను" అన్న ప్రతిసారీ జేబుకి చిల్లే.

"ఇష్టపడే సంతకం పెట్టాడు కదా, స్వేచ్ఛ ఉంది కదా" అనొచ్చు. నిజంగా సొంత వ్యాపారమైతే ధర తను చెప్పాలి, ఏ రోజు పనిచేయాలో తను తేల్చుకోవాలి. రోస్టర్ వేరేవాళ్లు వేసి, యూనిఫాం వేరేవాళ్లది తొడిగి, నష్టం మాత్రం నీదే అంటే దాన్ని స్వేచ్ఛ అనగలమా?

ఏజెన్సీ ద్వారా రయానైర్‌కి పనిచేసిన ఒక పైలట్ బ్రిటన్‌లో ఇదే అడిగాడు. ఒప్పందం అయిదేళ్లది, అది "తాత్కాలికం" ఎలా అవుతుందని అవతలివాళ్ల వాదన. శాశ్వతం కానిది తాత్కాలికమేనని, అతను ఏజెన్సీ కార్మికుడేనని 2025లో అప్పీల్ కోర్టు కూడా తేల్చింది. 2010 నాటి ఏజెన్సీ కార్మికుల నిబంధనల ప్రకారం, పన్నెండు వారాలు దాటాక మూల వేతనంలో, సెలవుల్లో నేరుగా చేరినవాళ్లతో సమానత్వం దక్కుతుంది.

కానీ అదే నిబంధనలు, కంపెనీ తన ఉద్యోగులకిచ్చే జబ్బు సెలవు జీతాన్ని ఆ సమానత్వంలోంచి మినహాయించాయి. నాకు మింగుడుపడనిది ఇదే. మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లోనూ కాంట్రాక్టు వాళ్లుంటారు; జ్వరంతో పనిచేసి తప్పుచేస్తే చాలాసార్లు పోయేది ఒక సర్వర్. కాక్‌పిట్‌లో జ్వరాన్ని దాచిపెడితే వెనక నూట ఎనభై మంది ఉంటారు.

పైలట్ మనస్సాక్షి మీద మనం ప్రాణాలు పెట్టి కూర్చుంటాం. ఆ మనస్సాక్షికయ్యే ఖర్చు మాత్రం ఆయన్నే భరించమంటున్నాం. టికెట్ చవగ్గా దొరకడానికి ఇదీ ఒక కారణమైతే, ఈ బేరంలో మన వాటా ఎంతో మనమూ లెక్క చూసుకోవాలి.