శ్మశానము, సమాధి, ఐక్యము

మృతదేహమును భూమిలో నుంచు చోటికి మన భాషలో పేర్లు పెక్కు గలవు. అన్నియు పర్యాయపదములే యని నిఘంటువు చూచినవారికి తోచును. పలుకువాని మనస్సులో మాత్రము అవి ఒక్కటి కావు.

శ్మశానమనగానే మనకు చితిమంట స్ఫురించును. కాని నిరుక్తకారుడైన యాస్కుడు "శ్మ" యనగా శరీరమనియు, అది శయనించు చోటు శ్మశానమనియు వ్యుత్పత్తి చెప్పినాడు. ఇందు దహనప్రసక్తి లేదు. గ్రీకునుండి ఆంగ్లములోనికి వచ్చిన సిమెట్రీ పదమునకును నిద్రించు చోటనియే మూలార్థము. తమిళులు కాల్చు చోటును చుడుకాడనియు, పూడ్చు చోటును ఇడుకాడనియు వేరుచేసి చెప్పుదురు. మనము రెంటికిని వల్లకాడనియే సరిపెట్టుకొంటిమి. గోరీ పారసీకపదము. ఇవన్నియు దేహమును గూర్చిన మాటలు.

సమాధి అట్టిది కాదు. పతంజలి చెప్పిన యోగాంగములు ఎనిమిదింటిలో అది కడపటిది, చిత్తముయొక్క స్థితి. ఆ పేరు యోగుల దేహములుంచిన చోటికి సంక్రమించి, నేడు సున్నము పూసిన ప్రతి దిమ్మెకును చెల్లుచున్నది.

ఐక్యము మరింత సూక్ష్మము. షట్‌స్థలములలో భక్తస్థలము మొదటిది, ఐక్యస్థలము ఆరవది. ఇచట స్థలమనగా నేల కాదు, సాధనలో ఒక మెట్టు, దేహముండగనే పొందదగినది. కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమమున బసవేశ్వరుని ఐక్యమంటపమునకు జలాశయపు నీరు చేరకుండ చుట్టును గోడ గట్టిరి. రక్షణ వలసినది మంటపమునకే గాని ఐక్యమునకు గాదు.

ఇట్లుండగా మన గ్రామములలో జరుగుచున్నదేమి? లింగధారులిద్దరు మరణింతురు. ఇద్దరిని కూర్చుండబెట్టియే, ఎడమచేతిలో ఇష్టలింగమునుంచియే పూడ్చుదురు. విభూతియు ఒక్కటే. కాని ధనవంతుడు "లింగైక్యము చెందినాడు". అతని చోటు సమాధి. కూలివాడు "పోయినాడు", అతనిని "బొంద పెట్టినారు".

ఇది లోకమర్యాద, ఇందు ఆక్షేపణ యేల యని కొందరందురు. ఐక్యము సాధనఫలమైనచో అది ధనముచేత రాదు. అది మృతునిపట్ల మనము కోరు శుభమే యైనచో కూలివానికి కోరకుండుటకు కారణము కనబడదు. ఎట్లు చూచినను ఆ భేదము నిలువదు. నేనెరిగిన వృద్ధ జంగమ మొకరు ఎవరి కబురు చెప్పినను శివైక్యమనియే చెప్పెడివారు. మీకెట్లు తెలియునని ఒకరడుగగా, తెలియదు గనుకనే అందరికి ఒకే మాట చెప్పుచున్నాననిరి.

బొంద యను మాటలోను దోషము లేదు. తిట్లలో పడి చెడినది గాని, గొయ్యి యనియే దాని యర్థము. ధనవంతునికి త్రవ్వినదియు గొయ్యియే గదా. అతని కుమారుని యెదుట ఆ మాట యనగలవారు కూలివాని కుమారుని యెదుటను అనవచ్చును.