దుర్లభ భోగము – దుర్లభ జన్మము

మనుష్యుని మనస్సునకు ఒక విచిత్ర స్వభావము కలదు. పెరటిలో పూచిన మల్లెకంటె, దూరమునుండి తెప్పించిన పూవు దానికి ఎక్కువ పరిమళించును. సులభముగా దొరకు దానియందు ఆదరము తగ్గును. దొరకని దానియందు ఆశ పెరుగును. ఈ దుర్లభత్వము వస్తువు యొక్క గుణమా, లేక మనస్సు యొక్క కల్పనయా అనునది విచారింపదగిన విషయము.

మేడ్చల్ ప్రాంతమున ఒక వృద్ధ గృహస్థు ఉన్నాడనుకొందము. ఒకప్పుడు పొలము గట్టున కూర్చుండి చుట్ట కాల్చినవాడు. విదేశమున ఉద్యోగము చేయు కుమారుడు సెలవులకు వచ్చి, క్యూబా దేశపు హవానా చుట్ట నొకదానిని చేతిలో పెట్టి, "బాపూ, ఇది అందరికీ దొరికేది కాదు" అనెను. తండ్రి దానిని వాసన చూచి మురిసెను. ఆ చుట్టను ఆయన కాల్చుట తప్పా?

తప్పని ఒక్క మాటలో తేల్చుట విచారము కాదు. ధర్మమునకు విరుద్ధము కాని కామము తన స్వరూపమే యని భగవానుడు గీత 7వ అధ్యాయమున సెలవిచ్చెను. కావున భోగమంతయు పాపము కాదు. ఆ చుట్టయందు మెచ్చదగినదియు కలదు. ఆకును ఆరబెట్టి, పులియబెట్టి, ఏండ్ల తరబడి మాగనిచ్చి, లోపలి ఆకు, కట్టు ఆకు, పై ఆకు అని మూడు విధములుగా ఏర్చి చేతితో చుట్టుదురు. గోదావరి లంకలలో వరద తెచ్చిన ఒండ్రున పండు మన లంక పొగాకు వెనుకను రైతుల శ్రమ ఇట్టిదే. పనివాని నేర్పును, కుమారుని ప్రేమను మెచ్చుటలో దోషము లేదు.

అయితే కొందరు ధూమపానము శాస్త్రసమ్మతమని చరకసంహితను చూపుదురు. సూత్రస్థానము 5వ అధ్యాయమున ధూమవర్తి చెప్పబడిన మాట నిజమే. అగరు, గుగ్గులు, చందనము మొదలగు ద్రవ్యములను నూరి 8 అంగుళముల వర్తిగా చేయవలెను. దానిని సేవించుటకు 8 కాలములు, మితము తప్పినచో కలుగు దోషములు కూడ అచట కలవు. కాని అది ఔషధము. అందు పొగాకు లేదు. పొగాకు అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు వచ్చి, 17వ శతాబ్ది ఆరంభమున అక్బరు కొలువునకు చేరినది. చరకుని మాటను దీనికి అన్వయించుట తెలుపు చూచి సున్నపునీటిని పాలనుట వంటిది.

చుట్ట పొగను లోనికి పీల్చరు కదా యనుటయు చాలదు. నోటికి, గొంతుకు అది క్యాన్సరు కలిగించును. శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములలో నిప్పుకొనను నోటిలో నుంచుకొని అడ్డచుట్ట కాల్చు స్త్రీలకు అంగిటి క్యాన్సరు వచ్చుటను వైద్యులు గుర్తించిరి. వెల హెచ్చినంత మాత్రమున విషము అమృతము కాదు. ప్రక్కన ఆడుకొను మనుమడు ఆ పొగను కోరలేదు. అయినను వానికి భాగము తప్పదు. ధర్మవిరోధము ఇచటనే ఆరంభమగుచున్నది.

మరి ఆ సుఖము ఎక్కడిది? విద్యారణ్యస్వామి పంచదశి యందు కడపటి ప్రకరణము విషయానందము. కోరినది లభించినప్పుడు మనస్సు క్షణకాలము ఆశ విడిచి నిలుచును. ఆ నిశ్చలతయందు ఆత్మానందమే ప్రతిఫలించును. మనుష్యుడు దానిని వస్తువు ఇచ్చినదని భ్రమించును. అదే చుట్ట ప్రతి దుకాణమున దొరకినచో ఈ మురిపెము నిలుచునా? వాసన తగ్గదు, "నాకే దొరకినది" అను అభిమానము తగ్గును. నిజమునకు ఆ తండ్రికి దుర్లభమైనది, ఏడాదికొకసారి వచ్చు కుమారుని సాన్నిధ్యము. శామీర్‌పేట చెరువు కట్టపై ఆ ఇరువురు ఒక సాయంకాలము కూర్చున్నచో, నిప్పు అంటింపకయే ఆ సుఖమంతయు లభించును.

కఠోపనిషత్తున యముడు నచికేతునకు మర్త్యలోకమున దుర్లభములైన భోగములనే చూపి ఆశపెట్టెను. ఆ బాలుడు వాని అరుదుతనమును లెక్కింపలేదు. అవి ఇంద్రియముల తేజస్సును హరించునని గ్రహించి, యమునికే తిరిగి ఇచ్చివేసెను. శంకర భగవత్పాదులదిగా ప్రసిద్ధమైన వివేకచూడామణి దుర్లభములని పేర్కొన్నవాటిలో మొదటిది మనుష్యజన్మము. అట్టి జన్మమును నిలుపు దేహమును, అరుదైన దొక్కటి దొరకినదను సంతోషములో పొగకు అప్పగించుట వివేకము కాదు. చుట్ట పెట్టెలోనే ఉన్నను కుమారుని ప్రేమకు లోటు రాదు.