విసుగుకొనుచు చేసిన సేవ

బ్రాహ్మణుడు మూడు ఋణములతో పుట్టుననియు, అందు ఋషిఋణము బ్రహ్మచర్యముచేతను, దేవఋణము యజ్ఞముచేతను, పితృఋణము సంతానముచేతను తీరుననియు తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. అయితే తండ్రియే వృద్ధుడై, రోగభీతుడై, కూతురు పెండ్లియాడి తన్ను విడిచిపోవునేమో యను దిగులుతో, పెండ్లి తెలివితక్కువపని యని వాదించుచు వచ్చినవారినెల్ల బెదరగొట్టుచుండగా, ఆ కూతురు తన ఋణము నేదారిని తీర్చుకొనవలెను? షూజిత్ సర్కార్ 2015లో తీసిన ‘పీకూ’ యను హిందీ చిత్రము, జూహీ చతుర్వేది వ్రాసిన హాస్యసంభాషణల నడుమ, ఈ ప్రశ్ననే మన ముందుంచినది.

ఢిల్లీ చిత్తరంజన్ పార్కులో కాపురమున్న డెబ్బదియేండ్ల వంగీయుడు భాస్కర్ బెనర్జీకి మలబద్ధకమే లోకము. కూతురు పీకూ ఆఫీసు పనిలో మునిగియున్నను ఆయన విరేచనపు వార్త ఆమెను వెదకికొని వచ్చును. కలకత్తాకు కారులో బయలుదేరిననాడు ఆయన మరుగుదొడ్డి కుర్చీ కూడ కారుపైకెక్కి ప్రయాణమగును. ఆ కుర్చీని చూచి నేనును నవ్వితిని. నవ్వు తగ్గినపిదప, దానిని దారిపొడవునను కనిపెట్టుకొని యుండవలసిన మనిషి యెవరన్న తలపు మాత్రము నన్ను విడువలేదు.

నన్నయ ఆదిపర్వమున యయాతి కథ యున్నది. శుక్రుని శాపమున ముదిమి పైబడిన ఆ రాజు కొడుకుల యౌవనము నడుగగా నలుగురు కాదనిరి, కడగొట్టువాడైన పూరుడు మారుమాటలేక యిచ్చెను. తరతరములుగా మనము పూరునే పొగడుచున్నాము. పీకూ యీ రెండు తెగలలో దేనికిని చెందదు. ఇయ్యననదు, మౌనముగను ఇయ్యదు. ఇచ్చుచునే పోట్లాడును, కసరుకొనును, కసరిన చేతితోనే మరల మందు అందించును. విసుగు కలిసిన సేవకు ఫలము లేదని పెద్దలందురు గాని, రాత్రులు మేలుకొని మంచము పట్టినవారి పక్కబట్టలు మార్చిన యే యింటివారినైన అడిగి చూడుడు: విసుగుకొనియు మరునాడు మరల ఆ మంచముకడకే పోయినవారి సేవ పూరుని త్యాగమునకు తీసిపోదు.

చిత్రముతో నాకు పేచీ యొక్కచోటనే. వేయేండ్ల భోగమునకు పిదప, కోరిక అనుభవముచే తీరదని యెరిగి, యయాతి కొడుకు యౌవనమును కొడుకునకు మరల నిచ్చివేసెను. భాస్కర్ అట్టి మాట యొక్కటియు పలుకడు. కలకత్తా వీథులలో సైకిలుపై తిరిగివచ్చి, కడుపు తేలికపడిన సంతోషముతో, నిద్రలోనే కన్నుమూయును. కూతురికి విడుదల మృత్యువు వలన దక్కినదే గాని తండ్రి వలన దక్కలేదు. చిత్రము దీనిని సౌమ్యముగా దాటిపోయినది. ఋణము కొడుకులకును కూతుండ్రకును మాత్రమే కాదు, పుచ్చుకొన్న తండ్రికిని కలదు. మన యిండ్లలోని వృద్ధులారా, ‘ఇక నీ బ్రతుకు నీవు చూచుకొనుమమ్మా’ యని ఒక్కనాడైన మీ నోట పలుకుడు.