దమనకుడికి శిక్ష పడిందా?

పరాయి దేశంలో మన పిల్లలకు తెలుగు నేర్పే వారాంతపు బడుల్లో కథల పాఠం ఎక్కువగా పంచతంత్రంతోనే మొదలవుతుంది. ఒక బొమ్మ, పది వాక్యాలు, కింద లావుపాటి అక్షరాల్లో నీతి. ఇంటికొచ్చి పిల్లవాడు ఆ నీతి గడగడా అప్పజెబితే మనం మురిసిపోతాం. ఆ ఒక్క వాక్యం కోసమే కథ అనుకోవడం వల్ల కథలోని అసలు సారం పిల్లలకూ అందడం లేదు, మనకూ అందడం లేదు.

నిజానికి ఇవి పసివాళ్ల కోసం పుట్టిన కథలు కావు. మహిళారోప్య నగరాన్ని ఏలే అమరశక్తి తన ముగ్గురు కొడుకులకూ చదువు అబ్బలేదని బెంగపడుతుంటే, ఆరు నెలల్లో వాళ్లను దారిలో పెడతానని విష్ణుశర్మ మాట ఇచ్చాడు. రేపో మాపో రాజ్యం మోయాల్సిన కుర్రవాళ్లకు ఎవరిని నమ్మాలో, చెప్పుడు మాటలు వింటే ఏమవుతుందో తెలియాలి. 1853లో పరవస్తు చిన్నయసూరి ఈ కథల్లోని మిత్రలాభం, మిత్రభేదాలను నీతిచంద్రికగా తెలుగు చేశాడు. తరతరాల తెలుగువాళ్లు దాన్ని పాఠ్యపుస్తకంగా చదువుకున్నారు. మన తాతల నోట దమనకుడి పేరు అంత అలవోకగా వచ్చేది అందుకే.

ఆ మిత్రభేదం కథనే తీసుకోండి. అడవిలో సంజీవకమనే ఎద్దు రంకె విని పింగళకమనే సింహం హడలిపోతుంది. దమనకుడనే నక్క మధ్యవర్తిగా వెళ్లి ఇద్దరికీ స్నేహం కలుపుతుంది. స్నేహం ముదిరేసరికి రాజైన సింహం దగ్గర దమనకుడి మాట చెల్లడం తగ్గుతుంది. అప్పుడు ఇటు సింహం చెవిలో ఒక మాట, అటు ఎద్దు చెవిలో ఒక మాట వేస్తుంది. తోటి నక్క కరటకుడు వద్దని చెప్పినా వినదు. చివరికి సింహం తన స్నేహితుణ్ణి తానే చంపుకుని కుమిలిపోతుంటే, పక్కన నిలబడి ఓదార్చేది కూడా దమనకుడే. మంత్రి పదవికీ ఢోకా లేదు. ఎద్దు పోయింది, నక్క నిలిచింది.

మా ఊరి తెలుగు బడిలో ఈ కథ పూర్తిగా చెప్పినప్పుడు ఒక పాప లేచి, "మరి దమనకుడికి పనిష్మెంట్ ఏదీ?" అని నిలదీసింది. వెనక కూర్చున్న తల్లిదండ్రులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆఫీసుల్లో అలాంటి వాళ్ల కింద పనిచేసినవాళ్లు, వాళ్ల మాటల వల్ల నష్టపోయినవాళ్లు అక్కడ ఉన్నారు. ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గరా జవాబు లేదు.

ఆ పాప ప్రశ్న కొత్తదేం కాదు. ఆరో శతాబ్దంలో పారశీక చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ కొలువులోని వైద్యుడు బుర్జోయ్ ఈ కథలను పహ్లవీ భాషలోకి తీసుకుపోయాడు. అక్కడినుంచి ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా అరబ్బీలోకి తెచ్చాడు. కరటక దమనకులు అక్కడ కలీలా, దిమ్నా అయ్యారు. అరబ్బీ పుస్తకంలో మన పంచతంత్రంలో లేని అధ్యాయం ఒకటుంది. సింహం తల్లి పట్టుబట్టి విచారణ జరిపిస్తుంది, నక్కల మాటలు చాటున విన్న జంతువులు సాక్ష్యం చెబుతాయి, దిమ్నాకు మరణశిక్ష పడుతుంది. ఆ అధ్యాయం ఇబ్న్ అల్ ముకఫ్ఫా సొంతంగా చేర్చిందేనని పండితులు భావిస్తారు. నక్క తప్పించుకుపోవడం ఆయన మనసుకూ పట్టలేదేమో. పాపకు ఈ రెండు ముగింపులూ చెప్పి, ఏది నిజమనిపిస్తోందని అడిగాం. ఆ రోజు క్లాసు గంట దాటిపోయింది. విలువల గురించి మాట్లాడుకోవడమంటే నా దృష్టిలో అదే.

ఆవు పులి కథ సంగతి ఇంకా లోతైనది. పదిహేనో శతాబ్దపు అనంతామాత్యుడి భోజరాజీయంలో ఆ ఆవు తన దూడ పుట్టి వారం దాటిందో లేదో, ఇంకా గడ్డి మేయడం కూడా రాదని తనను తినబోయిన పులికి చెప్పుకుంటుంది. పాలిచ్చి తిరిగొస్తానని మాటిచ్చి ఇంటికెళ్తుంది. పులి తింటుందా తినదా అన్నదే పిల్లల ఆత్రమంతా. పెద్దవాళ్ల గొంతు పట్టేసేది అంతకుముందే, కడుపునిండా పాలిచ్చి, తాను లేనప్పుడు ఎలా మసలుకోవాలో దూడకు చెప్పేచోట. నెలల పసికందును ఇండియాలో అమ్మమ్మ దగ్గర వదిలి ఉద్యోగానికి తిరిగొచ్చిన తల్లులు మన మధ్యే ఉన్నారు. వాళ్లలో ఒకరు ఈ కథ చెబుతూ సగంలో ఆగిపోతే, ఎందుకు ఆగారో పిల్లలకు చెప్పండి. దాచొద్దు.

మన కథల్లోనే ఈ గుణముందని నేననను. అమెరికాలో మన పిల్లలు బడిలో చదివే 'షార్లెట్స్ వెబ్'ను ఇ.బి. వైట్ 1952లో రాశాడు. మెయిన్ రాష్ట్రంలోని తన పొలంలో కోతకని పెంచిన పంది జబ్బుపడితే, రాత్రీ పగలూ కనిపెట్టుకుని సేవ చేసి కూడా దాన్ని దక్కించుకోలేకపోయిన మనిషి ఆయన. ఆ బాధ మీద 1948లో ఒక వ్యాసం కూడా రాశాడు. నవలలో పందిపిల్లను కాపాడిన సాలీడు సంతలో ఒంటరిగా చనిపోతుంది. దాని 514 మంది పిల్లల్లో ముగ్గురు మాత్రం పుట్టినచోట ఉండిపోతారు, తక్కినవాళ్లంతా గాలికి ఎగిరిపోతారు. ఇండియా నుంచి వచ్చిన తాతయ్యకు ఆ అధ్యాయం మనవరాలి చేత తెలుగులో చెప్పించండి. పిల్లలు ఎగిరిపోయిన ఇల్లు ఎలా ఉంటుందో ఆయన ఆ పాపకు చెప్పగలడు.

మన బడులవాళ్లకు నాదొక విన్నపం. నెలకొక క్లాసు పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చునేలా పెట్టండి. కథ మొత్తం చదవండి, చావునూ మోసాన్నీ తీసేయకుండా. కింద నీతి వాక్యం రాయకండి. మొదటి క్లాసుకు పావురాల రాజు చిత్రగ్రీవుడి కథ బాగుంటుంది. పావురాలన్నీ వలతో సహా లేచిపోతుంటే పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ తర్వాత హిరణ్యకుడనే ఎలుక, ముందు నీ కట్లు కొరుకుతానని రాజుతో అంటుంది. కాదు, ముందు నా వాళ్లవి కొరుకు, నావి ఆఖరున చూద్దాం అంటాడు చిత్రగ్రీవుడు. సంఘాల్లో పదవుల్లో ఉన్న మనం ఆ రోజు పిల్లలతో పాటు ముందు వరుసలో కూర్చుని వినాలి.