పోతే?

మా అమ్మాయి అహమ్మదాబాదు వెళ్ళి వ్యాపారం పెట్టడం నేర్చుకుంటానంది. అందుకోసమే 1983లో వెలిసిన సంస్థ ఉంది లెండి అక్కడ. రెండేళ్ళ కోర్సు.

"వ్యాపారానికి బడేమిటే! 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలొత్తితే అదే లిజ్జత్ అయింది. వాళ్ళే కాలేజీకెళ్ళారు? ఆ ఫీజేదో పెట్టుబడికిస్తా, మొదలుపెట్టు" అన్నాను.

"పోతే?" అంది.

నాకు నోరు పెగల్లేదు. వాళ్ళన్నయ్య రెండుసార్లు దుకాణం మూసేస్తే "అనుభవం వచ్చిందిలే" అన్నది నేనే. దీనికి పరీక్షలో రెండు మార్కులు తగ్గితే నిలదీసిందీ నేనే! ధైర్యం పాఠాలతో వస్తుందా అని నాకింకా అనుమానమే. కానీ తప్పు చేసినా దెప్పని చోటు వెతుక్కుంటూ ఆడపిల్ల అంత దూరం వెళ్ళాలా, చెప్పండి?

బీరువాలోంచి గాజులు తీశాను. ఫీజుకో, పెట్టుబడికో... అది ఇంటికొచ్చాక అడగాలి.