బస్తాల లెక్కా, లారీల లెక్కా?

కొలెస్ట్రాల్ కొవ్వు స్వభావం గలది కనుక రక్తంలో తనంతట తాను కరగదు. లైపోప్రోటీన్లనే సూక్ష్మ కణికలే దానిని మోసుకుపోతాయి. కోతల కాలంలో ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పోయే దారిలో రద్దీని తేల్చేది ధాన్యపు బస్తాల లెక్క కాదు, లారీల లెక్క. రక్తనాళాలలోనూ అంతే. లైపోప్రోటీన్లలో ఒక రకమైన ఎల్‌డీఎల్ కణికల సంఖ్య పెరిగేకొద్దీ, అవి ధమని గోడలోకి చొచ్చుకుపోయి పూడికగా పేరుకునే అవకాశం పెరుగుతుంది. చిన్న కణికలే చెడ్డవన్న మాట వినిపిస్తుంటుంది గానీ, పెద్దవీ నిరపాయకరం కావు, ముఖ్యమైనది సంఖ్యే. ఒక్కో కణికకు అపోబీ అనే ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది కనుక, దానిని కొలిస్తే కణికలను లెక్కించినట్టే.

ఈ కణికలపై తిండి ప్రభావమూ ఉంటుంది. 1931 నాటికి మంజీర నదిపై నిజాంసాగర్ జలాశయం పూర్తయి వరి విస్తరించిన ఈ సీమలో, జొన్నగట్క తగ్గి తెల్లన్నం పెరిగింది. శ్రమకు మించి తిన్న పిండిపదార్థాన్ని కాలేయం ట్రైగ్లిజరైడ్లనే కొవ్వుగా మారుస్తుంది; అవి పెరిగినప్పుడు ఎల్‌డీఎల్ కణికలు చిన్నవై, ఒక్కోటి మోసే కొలెస్ట్రాల్ తగ్గుతుంది. అప్పుడు పరీక్షలో కొలెస్ట్రాల్ మామూలుగా కనిపించినా కణికలు ఎక్కువే ఉండవచ్చు. డాల్డా, వెన్నల సంతృప్త కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. పప్పులు, కూరగాయలలోని కరిగే పీచు పేగులో పైత్యరస ఆమ్లాలను పట్టి బయటికి పంపగా, ఆ లోటు తీర్చుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్ కణికలను తనలోకి లాక్కుంటుంది.